నీలి జెండా ఎవరు తీశారు

కాలిఫోర్నియాలో ద్రాక్షతోటల మధ్య తిరిగే ఒక పర్యాటక రైలుకు పద్నాలుగేళ్ళు ఇంజిన్లు బాగుచేశాను. ఈ మాట చెప్పగానే ఇక్కడి మన తెలుగువాళ్ళు "ఎంత అందమైన ఉద్యోగమండీ" అంటారు. వాళ్ళు ఆ రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని, గ్లాసు చేతిలో పట్టుకుని ఫోటోలు తీయించుకున్నవాళ్ళు. నేను పనిచేసింది కిటికీ పక్కన కాదు. ఇంజిన్ కింద గొయ్యిలో.

ఈ మధ్య ఇలాంటి రైళ్ళలో చేరుతున్న మన పిల్లలు ఇద్దరు ముగ్గురు నన్ను సలహా అడిగారు. పాత ఇంజిన్లంటే వాళ్ళకు ఇష్టం. మంచిదే. కానీ ఆ ఇష్టం ఒక్కటే పెట్టుకుని వెళ్ళకండి. అక్కడ ఇంజిన్‌తో పాటు మనుషులు కూడా ఉంటారు. ఇంజిన్ ఏం చేస్తుందో నేను చెప్పగలను. మనుషులు నాకేం చేశారో కూడా చెబుతాను. నాకు అన్నీ గుర్తున్నాయి.

పాత పరిచయం

నేను రాయలసీమలో ఒక డీజిల్ షెడ్డులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. నా భార్య సరోజ నర్సు. ఆమెకు కాలిఫోర్నియాలో ఉద్యోగం వస్తే ఆమె వెంట వచ్చాను. వచ్చాక రెండేళ్ళు పెట్రోలు బంకులో నిలబడ్డాను. ఒక ఆదివారం ఇద్దరం ఆ ద్రాక్షతోటల లోయ వైపు వెళ్ళాం. కారు అద్దాలు మూసే ఉన్నాయి. అయినా దూరాన ఇంజిన్ మోత వినగానే కారు పక్కకు తీయమన్నాను. "అది మన ఇంజిన్" అన్నాను. సరోజ నవ్వింది. అమెరికాలో నీ ఇంజిన్ ఎక్కడుంటుంది అంది.

అది నిజంగా మన ఇంజినే. మన దేశంలో వేలకొద్దీ తిరిగిన డీజిల్ ఇంజిన్ల డిజైన్ అమెరికా కంపెనీది. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. మన దగ్గర పదహారు సిలిండర్లు, ఈ రైలు ఇంజిన్లకు పన్నెండు. అంతే తేడా. మిగతా పంపులు, వాల్వులు, కారే చోట్లు అన్నీ అవే. మర్నాడు వెళ్ళి ఉద్యోగం అడిగాను. జనరల్ మేనేజర్ డగ్ నా సర్టిఫికెట్లు చూడలేదు. షెడ్డులోకి తీసుకెళ్ళి, ఆగి ఉన్న నలభై ఆరో నంబరు ఇంజిన్ చూపించి, దీనికి జబ్బేమిటో చెప్పమన్నాడు. పావుగంటలో చెప్పాను. ఉద్యోగం ఇచ్చాడు.

ఇచ్చిన నిమిషంలోనే మొదటి అవమానం కూడా చేశాడు. నా పేరు నాగభూషణం. అంత పేరు నోరు తిరగదని 'నాగ్' అన్నాడు. చొక్కా మీద కూడా అదే కుట్టించాడు. ఇంగ్లీషులో ఆ మాటకు రెండు అర్థాలున్నాయని నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. ఒకటి ముసలి గుర్రం. రెండోది ఎప్పుడూ సణుగుతూ ప్రాణం తీసే మనిషి. తెలిసిన రోజే వెళ్ళి చొక్కా మార్చమన్నాను. "చూశావా, పేరు ఎంత సరిగ్గా సరిపోయిందో" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పుడు కూడా చెప్పగలను.

నా తప్పు

ఇతరుల తప్పులు రాసే ముందు నా తప్పు రాయాలి. లేకపోతే మీరు నన్ను నమ్మరు.

మా డ్రైవరు వాల్ట్. పొడుగాటి మనిషి. సరుకు రవాణా బండ్లు ముప్పై ఏళ్ళు నడిపి ఇక్కడికి వచ్చాడు. నేను చేరిన రెండో నెలలో ఇంజిన్‌ని భోజనాల పెట్టె నుంచి కొంచెం వెనక్కి జరపాల్సి వచ్చింది. నేను ఇంజిన్‌కి ఎదురుగా, పెట్టె పక్కన నిలబడ్డాను. చెయ్యి మెల్లగా పైకీ కిందికీ ఊపాను. మన దగ్గర ఆ సైగకు అర్థం, నా నుంచి దూరంగా వెళ్ళు అని. అమెరికాలో అదే సైగకు అర్థం, ముందుకు రా అని. వాల్ట్ ముందుకే వచ్చాడు. నేను ఇంకా గట్టిగా ఊపాను. ఇంకా ముందుకు వచ్చాడు. ఇంజిన్ పెట్టెను గుద్దింది. లోపల మధ్యాహ్నం భోజనాలకు పేర్చిన గాజు గ్లాసులన్నీ ఒక్కసారి కింద పడ్డాయి.

వాల్ట్ దిగి వచ్చాడు. అరవలేదు. "నువ్వు ఇప్పుడు ఏ దేశంలో చెయ్యి ఊపావు?" అని అడిగాడు. నేను చెప్పాను. మా దేశంలో దగ్గరికి రమ్మనడానికి చెయ్యి అడ్డంగా ఊపుతారని కూడా చెప్పాను. "అయితే మీ దేశంలో నేను ఆగిపోయి ఉండేవాణ్ణి" అన్నాడు. ఇక్కడ అడ్డంగా ఊపితే ఆగమని. ఆ సాయంత్రం నన్ను యార్డులో నిలబెట్టి గంటసేపు చేతి సైగలన్నీ నేర్పించాడు. తప్పు నాదేనని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. పద్దెనిమిదేళ్ళు చేసిన చెయ్యి, బుర్రను అడక్కుండా ఊపేసింది. కొత్త చోట చేరిన రోజే సైగలు నేర్చుకోండి. తెలుసనుకున్నవి ముందు నేర్చుకోండి.

ఆ తర్వాత వాల్ట్, నేను రోజూ పొద్దున బండి తీసే ముందు షెడ్డు మెట్ల మీద కూర్చుని కాఫీ తాగేవాళ్ళం. ఫ్లాస్కులో సరోజ పోసిచ్చిన కాఫీ. అందులో పంచదార ఎక్కువని పదేళ్ళు ఫిర్యాదు చేస్తూ తాగాడు.

పొగ, రంగు

ఈ ఇంజిన్ వేగం పెంచగానే నల్లటి పొగ వదులుతుంది. దాని స్వభావం అది. డీజిల్ ముందు చేరుతుంది, గాలి తోసే టర్బో వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ క్షణాల్లో వచ్చేదే పొగ. డ్రైవరు తొందరపడకుండా, వేగం పెంచే పిడిని ఒక్కో మెట్టు దగ్గరా ఆపి, నిదానంగా లెక్కపెడుతూ జరిపితే చాలావరకు తగ్గుతుంది. వాల్ట్‌కి చెబితే ఒక్క రోజులో పట్టుకున్నాడు.

డగ్‌కి మాత్రం పద్నాలుగేళ్ళలో అర్థం కాలేదు. ఎవరో అతిథి తెల్ల డ్రెస్ మీద మసి పడిందని రాస్తే ఆ కాగితం తెచ్చి నా బెంచీ మీద పెట్టేవాడు, ఆ మసి నేను జేబులో తెచ్చి చల్లినట్టు. ఒక చలికాలంలో ఇంజిన్లన్నిటికీ ద్రాక్షరసం రంగు వేయించాడు. నాకు చెప్పలేదు. రంగు వేసినవాడు గ్రీజు పెట్టే చోట్ల మీద, ఆయిలు కారితే కనిపించడానికి నేను గీసుకున్న గుర్తుల మీద, గాలి వెళ్ళే జాలీల మీద కూడా వేసేశాడు. నాలుగు రోజులు కూర్చుని గీకాను. గీతలు పడ్డాయని మళ్ళీ నా మీదే ఫిర్యాదు.

మా రైలు కరపత్రంలో పద్నాలుగు రకాల వైన్ల పేర్లుండేవి. దాన్ని లాగే ఇంజిన్ గురించి ఒక్క వాక్యం లేదు. రైలును హోటల్ అనుకునే మనుషుల దగ్గర పనిచేస్తున్నామని ఆ కరపత్రమే చెప్పింది. నేను సరిగ్గా చదవలేదు.

పన్నెండు ప్లగ్గులు

ఇక అసలు సంగతి.

ఈ ఇంజిన్ ఒక రాత్రి ఆగితే, మళ్ళీ స్టార్ట్ చేసే ముందు ప్రతి సిలిండరుకూ ఉన్న చిన్న ప్లగ్గు తెరిచి, ఇంజిన్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి. ఎక్కడైనా సిలిండరులోకి నీళ్ళు కారి ఉంటే ప్లగ్గులోంచి బయటికి వస్తాయి. రాకపోతే మూసి స్టార్ట్ చేయాలి. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్ళు నలగవు. నీళ్ళున్న సిలిండరును బ్యాటరీతో ఒక్కసారిగా తిప్పితే లోపలి ఉక్కు కడ్డీ వంగిపోతుంది. పన్నెండు ప్లగ్గులకు ఇరవై నిమిషాలు. పద్నాలుగేళ్ళూ ఆ ఇరవై నిమిషాల కోసమే నేను డగ్‌తో పోట్లాడాను.

ఒక శుక్రవారం సాయంత్రం నలభై ఆరో ఇంజిన్ ప్లగ్గులు తెరిచి తిప్పితే, నాలుగో సిలిండరులోంచి నీళ్ళు వచ్చాయి. నీళ్ళు కారకుండా ఆపే సీలు పోయింది. కొత్తది మర్నాడు పొద్దున గంట దూరంలో ఉన్న ఒక షాపులో దొరుకుతుందన్నారు. ఇంజిన్ ముందు నీలి జెండా తగిలించాను. డ్రైవరు సీటు దగ్గర, స్టార్ట్ బటన్ మీద, రెండో నీలి బిళ్ళ కట్టాను.

జెండా అంటాం గానీ అది నీలిరంగు వేసిన రేకు పలక. అమెరికా రైళ్ళలో దానికి ఒకటే అర్థం. ఇక్కడ పని జరుగుతోంది, కదిలించకు, స్టార్ట్ చేయకు. ఎవరు పెట్టారో వాళ్ళే తీయాలి. యజమాని వచ్చినా తీయకూడదు. దాన్ని నమ్మే మనుషులు బండి కింద పడుకుంటారు. ఈ దేశపు రైల్వే పద్ధతుల్లో నేను చేతులెత్తి మొక్కేది ఏదైనా ఉంటే అదే.

నేను బయల్దేరుతుంటే పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకోవడానికి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. తూర్పు తీరంలోని ఎడిసన్ నుంచి వచ్చారు. అబ్బాయికి ఇక్కడ ఉద్యోగం. అమ్మాయి పేరు మేఘన, ఇక్కడే పుట్టిన పిల్ల. వాళ్ళ నాన్న రామ్మోహన్ గారు నా మొహం చూడగానే "ఏ ఊరండీ మనది?" అని పలకరించి ఫోన్ నంబరు తీసుకున్నారు. ఇంజిన్ పక్కన నిలబడండి, పైకి మాత్రం ఎక్కకండి అని చెప్పాను. వాళ్ళ వెంట మా అతిథి సేవల మేనేజర్ క్రిస్టెన్ ఉంది. "నేను చూసుకుంటాలే, నాగ్" అంది.

మర్నాడు నేను సీలు తీసుకుని తిరిగొచ్చేసరికి షెడ్డు ముందు జనం ఉన్నారు. భోజనాల బండికి వెళ్ళాల్సిన ఇంజిన్‌కి ఏదో అయితే, డగ్ వాల్ట్‌కి నలభై ఆరు తీయమని చెప్పాడు. అప్పటికే నలభై నిమిషాలు ఆలస్యం. వాల్ట్ ఎక్కాడు. ముందు జెండా లేదు. బటన్ మీద బిళ్ళ లేదు. రెండూ షెడ్డులో నీలి పలకలుంచే లాకరులో వాటి మేకులకే తగిలించి ఉన్నాయి. పని అయిపోయి నేనే తీసి పెట్టాననుకున్నాడు. నొక్కాడు. ఆ చప్పుడు బయట ప్లాట్‌ఫాం మీద గ్లాసులు పట్టుకుని నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించిందట. కడ్డీ వంగింది, పిస్టను పగిలింది. ఆ సీజన్ మొత్తం నలభై ఆరు కదల్లేదు.

రిపోర్టులో ఇలా రాశారు: మెకానిక్ నీలి జెండా పెట్టలేదు, సిగ్నళ్ళ విషయంలో గతంలోనూ తప్పు చేసిన వ్యక్తి. నేను సంతకం పెట్టి ఇచ్చిన ఆ పాత కాగితాన్ని నా మీదికే తిప్పారు. జెండా ఏదీ నాకు కనిపించలేదని క్రిస్టెన్ రాసిచ్చింది. రిపోర్టు మీద నేను సంతకం పెట్టలేదు.

డగ్ ఏమనుకున్నా నాకు లెక్కలేదు. వాల్ట్ దగ్గరికి వెళ్ళాను. పెట్టాను వాల్ట్, రెండూ పెట్టాను అన్నాను. అతను నా వైపు చూడలేదు.

"లాకరులో ఉన్నాయి. వాటి మేకులకే ఉన్నాయి. నా కళ్ళతో చూశాను."

మర్నాటి నుంచి కాఫీకి రావడం మానేశాడు. జెండా పెట్టకుండా పెట్టానని చెప్పేవాడితో కూర్చోవడం అతనికి కుదరదు. అతని స్థానంలో ఉంటే నేనూ కూర్చోను. అందుకే అది అంత మండింది. ఏడు నెలలు ఫ్లాస్కు సగం నిండుగానే ఇంటికి తెచ్చాను. వదిలేయమని సరోజ చెప్పి చూసింది. ఈ పనిలో మెకానిక్ దగ్గర మాట తప్ప ఏముంది? పెట్టానంటే పెట్టినట్టు, తీశానంటే తీసినట్టు. అది పోయాక పానా పట్టుకుని ఏం చేసుకుంటాం?

ఏరేసిన ఫోటోలు

ఏడు నెలల తర్వాత రామ్మోహన్ గారు ఫోన్ చేశారు. పెళ్ళి బాగా జరిగిందని, ఇంజిన్ దగ్గర తీసిన ఫోటో అమ్మాయి ఫ్రేము కట్టించుకుందని చెప్పారు. ఆ ఫోటోల సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. తట్టనందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఒకసారి అమ్మాయికి ఫోనివ్వండి అన్నాను.

"ఆ రోజు తీసిన ఫోటోలు అన్నీ ఉన్నాయామ్మా?"

"ఉన్నాయి అంకుల్. బెస్ట్‌వి మీకు సెండ్ చేస్తా."

"బెస్ట్‌వి వద్దు. తీసేసినవి కావాలి. మొట్టమొదట తీసినవి."

"అవి బ్యాడ్ పిక్స్ అంకుల్. మధ్యలో ఏదో బ్లూ థింగ్ వచ్చేసింది. అందుకే ఆ లేడీ రిమూవ్ చేసింది కదా."

"అవే పంపమ్మా" అన్నాను.

మూడు ఫోటోలు వచ్చాయి. మొదటిదానిలో అమ్మాయికీ అబ్బాయికీ మధ్య, ఇంజిన్ ముందు, నీలి జెండా. రెండోదానిలో క్రిస్టెన్ దాన్ని పట్టుకుని తీస్తోంది, మొహం స్పష్టంగా ఉంది. మూడోది ఇంజిన్ లోపల. అమ్మాయి డ్రైవరు సీట్లో నవ్వుతోంది. క్రిస్టెన్ బటన్ మీది బిళ్ళ ముడి విప్పుతోంది. లాకరులో మిగతా నీలి పలకల పక్కన వీటినీ తగిలించింది కూడా ఆమేనని మేఘన చెప్పింది. తీసినవి ఎక్కడ పడితే అక్కడ పడేయకుండా సర్దిపెట్టింది పాపం. ఆ సర్దడమే నన్ను ముంచింది.

ఫోటోలు అచ్చు వేయించి డగ్ బల్ల మీద పెట్టాను. క్రిస్టెన్‌ని పిలిపించాడు. ఆమె చూసి, నాకు గుర్తులేదు అంది. ఆ పలకకు అర్థమేమిటో ఎవరూ నాకు చెప్పలేదు అని కూడా అంది.

ఈ రెండో మాట నిజం. అది నేను ఒప్పుకోవాలి. అన్నేళ్ళు అక్కడ పనిచేసి, డ్రైవర్లకూ గార్డులకూ వంద సార్లు చెప్పినవాణ్ణి, వడ్డించేవాళ్ళకూ పూలు కట్టేవాళ్ళకూ ఒక్కసారి చెప్పలేదు. వైన్ పోసేవాళ్ళకు ఇంజిన్ సంగతి ఎందుకని చిన్నచూపు చూశాను. మీరు ఆ పని చేయకండి. షెడ్డులో అడుగు పెట్టే ప్రతి మనిషికీ, పూలబుట్ట పట్టుకొచ్చేవాళ్ళకు కూడా, మొదటి రోజే చెప్పండి. కానీ ఒకటి. తెలియక తీయడం వేరు. తీసి, కడ్డీ వంగాక, జెండా నాకు కనిపించలేదని రాసివ్వడం వేరు. మొదటిది నేను అప్పుడే క్షమించాను. రెండోది క్షమించలేదు.

డగ్ తలుపు వేశాడు. ఇంత పాత విషయం ఇప్పుడు కదిపితే రైల్వే ఇన్‌స్పెక్టర్లు వస్తారని, రైలు ఆగుతుందని, అందరికీ నష్టమని నచ్చజెప్పాడు. ఆ ఏటి ఉత్తమ ఉద్యోగి ఫలకం నాకిస్తానన్నాడు. చివరికి రిపోర్టుకు జోడించడానికి ఒక కాగితం రాశాడు. జెండా పెట్టబడింది, గుర్తు తెలియని వ్యక్తులు తొలగించారు అని అందులో ఉంది.

గుర్తు తెలియని వ్యక్తులు! ఆమె బల్లకు అటు వైపు కూర్చుని ఉంది. నేను కాగితం తీసుకుని, సంతకం పెట్టకుండా బయటికి వచ్చాను.

వాల్ట్ మెట్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఫోటోలు అతని ఒళ్ళో పెట్టాను. ఒక్కొక్కటే చూశాడు. మూడోదాన్ని కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు. తర్వాత నా చేతిలో ఉన్న డగ్ కాగితం అడిగి చదివాడు. జేబులోంచి పెన్ను తీసి, 'గుర్తు తెలియని వ్యక్తులు' అన్న మాట కొట్టేసి క్రిస్టెన్ పేరు రాశాడు. కింద ఇంకో వాక్యం రాశాడు. ఆ రోజు స్టార్ట్ చేసే ముందు నేను ప్లగ్గులు తెరవలేదు, తెరిచి ఉంటే నీళ్ళు కనిపించేవి అని. సంతకం పెట్టాడు.

ఇది రాయాల్సిన అవసరం నీకేముంది అని అడిగాను. నిజానికి ఏడు నెలలుగా నాక్కూడా ఆ ఆలోచన ఉంది. ప్లగ్గులు తెరవనివాడు నన్ను తప్పుపట్టడమేమిటని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ అతని లైసెన్సు పోతుందని ఎక్కడా నోరు విప్పలేదు.

"నీకు తెలుసు కదా నేను తెరవలేదని" అన్నాడు.

"తెలుసు."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను."

వాల్ట్ లేచి డగ్ గదిలోకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. డగ్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. దీని వల్ల నీ లైసెన్సు పోవచ్చు తెలుసా అని అడిగాడు.

"తెలుసు" అన్నాడు వాల్ట్. "పదకొండున్నరకి భోజనాల బండి ఉంది. దాని ప్లగ్గులు తెరవాలి. ఈ కాగితం ఫైల్లో పెడతావా, నన్నే దాన్ని ఇన్‌స్పెక్టరుకి పంపమంటావా?"

డగ్ ఫైల్లో పెట్టాడు. నా ఎదురుగా పెట్టించి, నకలు తీసుకున్నాను. నకలు ఇంట్లో ఉంది. వాల్ట్‌ని ముప్పై రోజులు బండి ఎక్కనివ్వలేదు. ఆ ముప్పై రోజులూ పొద్దున ఏడింటికి షెడ్డుకు వచ్చి, నాతో కాఫీ తాగి, పంచదార ఎక్కువైందని చెప్పి ఇంటికి వెళ్ళేవాడు. ఆ ఏడు నెలల గురించి సారీ మాత్రం చెప్పలేదు. నేను అడిగాను కూడా. కాగితం మీద రాశాను కదా అన్నాడు.

కిందటేడు నేను రిటైరయ్యాను. వీడ్కోలు భోజనానికి వెళ్ళలేదు. డగ్ అందరి చేతా ఒక కార్డు మీద సంతకాలు పెట్టించి ఇంటికి పంపాడు. క్రిస్టెన్ విడిగా పూలగుత్తి పంపింది. దానికి ఒక చీటీ. 'థాంక్యూ ఫర్ ఎవ్రీథింగ్' అని రాసి ఉంది. పూలు సరోజ నీళ్ళలో పెట్టుకుంది. చీటీ మాత్రం, ఎవ్రీథింగ్ అంటే ఏమిటో వివరంగా రాయమని కింద రాసి, తిప్పి పంపాను.